మర్యాదకి మూడు శాతం

జనవరి 4

ఈరోజు మా అక్క కూతురికి తూకం వేశాను.

మావయ్యని కదా అని ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని చెప్పలేదు. పిల్లలకి యూనివర్సిటీలో సీటొచ్చే ఛాన్సు ఎంతో లెక్కగట్టి, వచ్చేట్టున్న వాళ్ళ అప్లికేషన్లు పంపే మా ఆఫీసుకే రమ్మన్నాను. అందరు పిల్లల్లాగే టోకెన్ తీసుకుని, బయట బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చుని, పిలిచాకే లోపలికి వచ్చింది. కళ్ళజోళ్ళ షాపులో ఒక పూట సెలవడిగి వచ్చినట్టుంది, గోళ్ళ సందుల్లో అద్దాలు అరగదీసిన తెల్లపొడి అలాగే ఉంది. "నమస్కారం సార్. నాకు సీటొచ్చే ఛాన్సు ఎంతుందో కాస్త చూసి చెప్తారా?" అంది నవ్వు బిగబట్టుకుని. నేను నవ్వలేదు. కుర్చీలో కూర్చున్నాక నాకు చుట్టాలు లేరు.

మార్కులు బాగున్నాయి. చాలా బాగున్నాయి. కానీ కంప్యూటర్లో చదువుతున్న చోటు దగ్గర ఈవెనింగ్ కాలేజీ అని కొట్టగానే షీటు కింద సున్నా చూపించింది. మూడు శాతం అని చెప్పాను. సున్నా అని మొహం మీద అంటే పిల్లలు అక్కడే ఏడుస్తారు, అందుకని మూడు కలిపి చెప్పడం మా ఆఫీసు పద్ధతి. మాలో మేం దాన్ని మర్యాద శాతం అనుకుంటాం. ఇరవై లోపు వచ్చిన వాళ్ళు అప్లికేషన్ కోసం రాసుకొచ్చిన ఎస్సే కవరు విప్పకూడదన్నది ఇంకో పద్ధతి. దాని కవరు దానికే తిరిగిచ్చాను.

"మూడంటే లేనట్టే కదా మావయ్యా?"

"నేను అంకె చెప్తాను. అర్థం ఎవరికి వాళ్ళు చెప్పుకోవాలి."

పదకొండేళ్ళుగా అందరికీ చెప్తున్న మాటే. "సరే మావయ్యా" అని కవరు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆఫీసులో నన్ను తూకంరాయి అంటారు. వెనకాలే అంటారు గానీ నాకు వినబడేంత దగ్గర నుంచే అంటారు. ఈరోజు ఆ పేరు నిలబెట్టుకున్నాను. సొంతమనిషని తక్కెడ వంచలేదు.

జనవరి 5

ఇంట్లో అంతా మామూలే. పిల్ల ఏమీ అనలేదు. మంచిదే.

జనవరి 8

షాపు ఓనరు పిల్లని ఇన్‌ఛార్జిని చేస్తానన్నాడట. ఫిబ్రవరి ఒకటి నుంచి. ఇరవై అయిదో తారీఖు లోపల ఏదో ఒక మాట చెప్పమన్నాడు. డ్యూటీ రాత్రి ఎనిమిదింటిదాకా. కాలేజీ మొదలయ్యేదే ఆరింటికి. అంటే కాలేజీ మానేయాలి, పరీక్షలూ ఉండవు. పిల్ల ఒప్పుకునేట్టే ఉంది.

అక్క ఆసుపత్రి లాండ్రీలో రోజంతా దుప్పట్లు మడతపెట్టి వచ్చి, ఇంట్లో మళ్ళీ బట్టలు మడతపెడుతోంది. "యూనివర్సిటీ సీటు రాదని చెప్పావటగా?" అంది.

"రాదని చెప్పలేదక్కా. మూడు శాతం అన్నాను."

"అంటే?"

"ఇలాంటి వాళ్ళు వందమంది అప్లికేషన్ పంపితే ముగ్గురికి వస్తుంది."

"ఆ ముగ్గురు ఎవరు?"

అక్క ప్రశ్నలు ఇలాగే ఉంటాయి. శాతం అంటే ఏమిటో తెలియని వాళ్ళకి ఏం చెప్తాం? టవలు అందుకుని స్నానానికి వెళ్ళాను. పొద్దునే చేశాను స్నానం. మళ్ళీ చేశాను.

జనవరి 11

కంప్యూటర్ దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. ఇంకా నెల కాలేదు, ఎవరిని ఏం అడగకూడదో తెలియదు. మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, ఈవెనింగ్ కాలేజీ వరసలో సున్నా పర్సెంటు అని ఉంది కదా. ఎంతమందిని పంపితే ఎవరికీ రాలేదు?" అంది.

"పదకొండేళ్ళ లెక్కమ్మా అది."

"అదే సార్. పంపినవాళ్ళు అనే గడిలో కూడా సున్నానే ఉంది."

లేచి వెళ్ళి చూశాను. ఉంది. పంపినవాళ్ళు సున్నా. వచ్చినవాళ్ళు సున్నా. సున్నాని సున్నాతో భాగించమంటే కంప్యూటర్ ఒప్పుకోదు, తప్పు గుర్తు చూపిస్తుంది. తల్లిదండ్రుల ముందు తెర మీద తప్పు గుర్తు కనబడితే పరువు తక్కువని, అలాంటి చోట సున్నా శాతం పడేలా మొదటి ఏడాది నేనే పెట్టాను. నా చేత్తో నేనే.

"అంటే ఎవరికీ రాలేదని కాదు కదా సార్? ఎవరూ పంపలేదని."

"నీ పని అయిందా?" అన్నాను. పాపం, వెళ్ళిపోయింది.

జనవరి 12

ఇందులో నా తప్పేం లేదు. మార్కుల వరసలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్క వరస. నలభై వరసల్లో ఒక్కటి.

మొదటి ఏడాది వచ్చినవాడు గుర్తున్నాడు. చెప్పుల షాపులో సేల్స్‌మన్, ఎర్ర స్వెట్టరు. ఈవెనింగ్ కాలేజీ వాడికి ఈ యూనివర్సిటీ కష్టం అని నాకనిపించింది, అదే చెప్పాను. పంపలేదు. రెండో ఏడు వచ్చిన వాళ్ళకి, "ఇంతవరకు ఎవరికీ రాలేదు" అన్నాను. అది అబద్ధం కాదు. మూడో ఏడూ అదే అన్నాను. అబద్ధం కాదు.

అయినా ఒక్క వరస.

జనవరి 13

డైరెక్టరు గారితో చెప్పాను. ఆయన కుర్చీ వెనక గోడ మీద బోర్డు: "మేం పంపిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి సీటు." నేను చెప్పిందంతా విని, పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి, "ఇందులో తప్పేముంది?" అన్నారు.

"ఆ సున్నాకి ఆధారం లేదండీ. వస్తుందో రాదో మనకి తెలీదు."

"తెలీని వాళ్ళని పంపితే ఈ తొమ్మిది తొమ్మిదిగా ఉంటుందా? ఎనిమిదవుతుంది, ఏడవుతుంది. మీరింత పెద్దవారు, నేను చెప్పాలా?" తర్వాత గొంతు తగ్గించి, "ఆ కొత్తమ్మాయికి వేరే పని ఇవ్వండి" అన్నారు.

తలూపి వచ్చాను. ఎందుకు ఊపానో తెలియదు. మెడ దానంతటదే ఊగింది.

జనవరి 14

పిల్లకి ఈరోజు చెప్పేద్దామనుకున్నాను. దానికి జలుబు చేసింది.

జనవరి 15

జలుబు తగ్గలేదు.

జనవరి 16

జలుబు తగ్గింది. కానీ షాపులో స్టాకు లెక్కలట, అలిసిపోయి వచ్చింది. అలిసిపోయిన మనిషికి ఇలాంటివి చెప్పకూడదు. అయినా ఏమని చెప్పాలి? నీ అంకె తప్పు అని చెప్పాలంటే సరైన అంకె ఉండాలి కదా. నా దగ్గర లేదు. లేనిపోని ఆశ పెట్టి, తీరా రాకపోతే? చేతిలో ఉన్న ఇన్‌ఛార్జి పని కూడా పోతుంది. రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది పిల్ల. దాని మంచికే ఆగుతున్నాను.

చివరి వాక్యం రాసి రెండుసార్లు చదివాను. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరికోసం రాశాను ఆ వాక్యం?

జనవరి 18

ఆఫీసుకి సెలవు పెట్టాను. కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అలమరా సర్దాను. చెప్పులు సర్దాను. కిటికీ గొళ్ళానికి నూనె వేశాను. అక్క చూసి చూసి, "ఒరేయ్, నీకు ఒంట్లో బాగుందా?" అంది. గొళ్ళెం కిర్రుమంటోందన్నాను.

అప్లికేషన్‌కి ఆఖరి తేదీ ముప్పై ఒకటి.

జనవరి 20

దాని ఎస్సే చదివాను. అడిగి తీసుకోలేదు. వంటింట్లో పాత కాగితాల కట్టలో దొరికింది. పనికిరాదనుకుని, వెనకవైపు కస్టమర్ల పవర్లు రాసుకుంది. ప్లస్సులూ మైనస్సులూ, కొట్టివేతలూ. తిప్పి చూస్తే మొదటి పేజీ.

షాపులో కొత్తగా కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు ముందుగా ఏం చూస్తారన్నది రాసింది. అద్దంలో మొహం చూసుకుంటారని మనం అనుకుంటామట. చాలామంది చూసేది సొంత చేతుల్నట. ఒక ముసలాయన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుని, "ఈ మచ్చ ఎప్పుడొచ్చిందమ్మా?" అని దీన్నే అడిగాడట. రెండేళ్ళలో నాలుగు వందల మందిని ఒక నోటుబుక్కులో రాసుకుంది. ఎవరు మొదట ఏం చూశారు, వయసెంత, పవరెంత. ఎందుకలా చూస్తారో తనకి తెలియదనీ, అది తెలుసుకోవడానికే చదువుకోవాలనుందనీ రాసి ఆపేసింది. గొప్ప మాటలేమీ లేవు. రెండో పేజీలో ఒకచోట తడబడింది.

ఎక్కడైనా నా ప్రస్తావన ఉందేమోనని వెతికాను. ఇంట్లో పదకొండేళ్ళుగా పిల్లల భవిష్యత్తులు తూస్తున్న మనిషి ఉన్నాడు కదా. లేదు. ఒక్క ముక్క లేదు. కాస్త కోపం వచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది.

ఇరవై లోపు కవర్లు విప్పకూడదు. ఎన్ని కవర్లు విప్పలేదో నేను!

జనవరి 22

అక్కతో చెప్పాను. మొత్తం చెప్పాను. సున్నా, సున్నా, నేను పెట్టిన గడి, మర్యాద శాతం.

"అంటే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఎవర్నీ పంపకుండానే రాదని తేల్చేశారా?"

"అలా కాదక్కా..."

"మరెలా?"

మడతపెట్టని టవలొకటి అందుకున్నాను. అక్క నా చేతిలోంచి లాక్కుంది.

"మరి నాకెందుకు చెప్తున్నావు? దానికి చెప్పు."

"నువ్వు చెప్తే బాగుంటుందేమోనని."

"ఛాన్సు చెప్పేటప్పుడు టోకెన్ ఇచ్చి ఆఫీసుకి పిలిపించుకున్నావు. తప్పు చెప్పేటప్పుడు అమ్మతో కబురంపుతావా?" అని దుప్పటి దులిపింది. ఆ దులపడంలోనే నన్నూ దులిపింది.

జనవరి 24

రేపు ఇరవై అయిదు. షాపువాడికి మాట చెప్పే రోజు. చెప్పలేదు నేను. భోజనాల దగ్గర రెండుసార్లు నోరు తెరిచాను. ఒకసారి ఉప్పు అడిగాను. రెండోసారి మంచినీళ్ళు.

జనవరి 25

చెప్పాను.

పొద్దున్నే ఆఫీసుకని బయల్దేరి, షాపు దగ్గర బస్సు దిగిపోయాను. పిల్ల వెనకగదిలో ఉంది. తిరిగే రాయి మీద అద్దం ఆనించి పట్టుకుంది, మీద నీళ్ళు సన్నగా పడుతున్నాయి. నన్ను చూసి, "ఏంటి మావయ్యా, అమ్మ బాగానే ఉందా?" అని కంగారుపడింది. బాగానే ఉందని చెప్పి, నిలబడే మొదలుపెట్టాను. కూర్చోవడానికి అక్కడ ఒకటే స్టూలు, దాని మీద అదే కూర్చుంది.

అద్దం తీయలేదు. వింటూనే అంచు తిప్పుతూ ఉంది. మూడు శాతం ఎక్కడిదో చెప్పినప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. రాయి తిరుగుతూనే ఉంది.

"మర్యాదకా?" అంది.

"ఊఁ."

"అంటే నా మార్కులు చూసి కాదు."

"కాదు."

"ఎప్పుడు తెలిసింది?"

"పదకొండున."

గోడ మీద క్యాలెండరు చూసింది. నేను కూడా చూశాను. పద్నాలుగు రోజులు. జలుబు గురించి చెప్పబోయాను, ఎలాగో ఆపుకున్నాను.

"నాలాంటి వాళ్ళకి ఎంతమందికి ఇలా చెప్పారు మీరు?"

ఎప్పుడూ నువ్వు అనే పిల్ల. మీరు అంది. ఆఫీసులో సరదాకి అన్న మీరు కాదు ఇది.

"తెలీదమ్మడూ. పంపనివాళ్ళ పేర్లు మేం ఉంచుకోం. ఆ రోజే కవరు తిరిగిచ్చేస్తాం."

"సుమారుగా? మీరు అంచనాలు కట్టే మనిషి కదా."

ఏడాదికి అయిదారుగురు. పదకొండేళ్ళు. లెక్క వేయడానికి నాకు కంప్యూటర్ అక్కర్లేదు. అరవై అన్నాను. ఆ అరవైమందిలో నాకు గుర్తున్నది ఒక ఎర్ర స్వెట్టరు.

"బయట కస్టమర్లున్నారు. వెళ్ళండి" అంది.

వచ్చేశాను. ఆఫీసుకి వెళ్ళలేదు. నాలుగు స్టాపులు నడిచి, మళ్ళీ వెనక్కి నడిచాను. నన్ను నేను ఎంత తిట్టుకున్నా, ఆ పిల్ల ఒక్క మాటా తిట్టలేదన్నదే ఎక్కువ మండుతోంది.

జనవరి 26

మాట్లాడలేదు.

జనవరి 27

మాట్లాడలేదు. కానీ పాత కాగితాల కట్టలో ఎస్సే లేదు. అక్క చెప్పింది: షాపులో ఇన్‌ఛార్జి పని వద్దనేసిందట. అద్దాల పని మాత్రం ఎప్పటిలాగే చేస్తుందట. ఇన్‌ఛార్జి ఇంకొకళ్ళకి ఇచ్చేశారు.

జనవరి 28

"కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ఆయన పగలు మాత్రమే ఉంటారు, పగలు నాకు షాపుంటుంది" అంది, గోడకి చెప్తున్నట్టు. నాకే చెప్పింది. గదిలో ఇంకెవరూ లేరు.

సెలవు పెట్టి వెళ్ళాను. ప్రిన్సిపాల్ మా ఆఫీసు పేరు విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ దగ్గరికి వెళ్ళొచ్చిన పిల్లలెవరూ మళ్ళీ నా దగ్గరికి సంతకానికి రాలేదండీ. ఇదే మొదలు" అన్నారు. కోపంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోతున్నారు ఆయన.

జనవరి 30

పంపేసింది. పంపేముందు ఎస్సే నా చేతిలో పెట్టి, "అక్షర దోషాలు మాత్రం చూడండి" అంది. రెండో పేజీ తడబాటు దగ్గర పెన్ను ఆగింది, పిల్ల అది చూసింది. చెప్దామనుకుని, ఏ మొహంతో చెప్తానని ఊరుకున్నాను. దోషాలు మూడు. దిద్దాను.

ఇప్పుడు నా ఛాన్సు ఎంత అని అడుగుతుందనుకున్నాను. తెలీదు అని చెప్పడానికి సిద్ధపడి ఉన్నాను. ఆ మాట ఎలా చెప్పాలో అద్దం ముందు అనుకుని కూడా చూసుకున్నాను. అడగలేదు.

ఫిబ్రవరి 3

ఆఫీసులో ఆ గడి ఖాళీ చేశాను. సున్నా తీసేశాను. పక్కన "ఎవరినీ పంపలేదు, తెలియదు" అని రాశాను. మధ్యాహ్నానికి డైరెక్టరు గారు పిలిచారు.

"ఖాళీ చూస్తే జనం ప్రశ్నలేస్తారండీ."

"వేయనివ్వండి."

"తెలీదని చెప్పించుకోడానికా వాళ్ళు మన దగ్గరికొచ్చేది?"

ఈసారి మెడ ఊగలేదు. సాయంత్రం నా బల్ల రికార్డు రూములోకి మార్చారు. పిల్లలతో మాట్లాడే పని ఇక లేదు. గడిలో మళ్ళీ సున్నా పెట్టించారట.

ఫిబ్రవరి 19

రికార్డు రూములో పాత టోకెన్ పుస్తకాలున్నాయి. పేర్లు లేవు, నంబర్లే. అయినా రోజూ తిరగేస్తున్నాను.

మార్చి 7

ఈరోజు పిల్ల "మావయ్యా, నువ్వు భోంచేశావా?" అంది. చేశాను. చేయలేదని చెప్పి మళ్ళీ తిన్నాను.

మార్చి 29

రిజల్ట్ ఏప్రిల్ రెండో వారంలో. పోస్టు వచ్చే వేళకి బాల్కనీలో నాకేదో పని తగులుతోంది.

ఏప్రిల్ 12

రాలేదు ఇంకా. ఉత్తరం గురించే అంటున్నాను.

ఏప్రిల్ 14

సీటు రాలేదు.

నాలుగు లైన్ల ఉత్తరం. మధ్యాహ్నం పిల్ల ఇంటికొచ్చాక అదే విప్పింది. చదివి, మడిచి, కవర్లో పెట్టి, కవరు టేబుల్ మీద పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అక్క నా వంక చూసింది. నేను టేబుల్ వంక చూశాను. ఎలా తెలిసిందో, గంట తిరక్కుండా డైరెక్టరు గారి ఫోను: "ఏమండీ, సున్నా సున్నానే కదా?" అన్నారు. నవ్వలేదు లెండి. అంతవరకు మర్యాదస్తుడే.

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. నేను నోరు మూసుకుని ఉంటే పిల్ల ఈపాటికి షాపులో ఇన్‌ఛార్జి. రెండున్నర నెలలు ఆశపడి ఉండేది కాదు. ఒకసారి ఉన్నదాన్ని లేదన్నాను, ఇంకోసారి లేనిదాన్ని ఉందేమో అన్నాను. రెండుసార్లూ దెబ్బ తిన్నది అదే.

తట్టకుండానే తలుపు తీశాను. మంచం మీద బోర్లా పడుకుని ఏడుస్తోంది. "అమ్మడూ, నేను ఆరోజు షాపుకి రాకుండా ఉండాల్సింది. నా వల్లే" అన్నాను.

లేచి కూర్చుంది. మొహమంతా ఎర్రగా ఉంది.

"మావయ్యా, రానందుకు ఏడుస్తున్నాను. పంపినందుకు కాదు. రెండూ కలపకు."

వెనక్కి అడుగేసి తలుపు గడియ పట్టుకున్నాను.

"ఇప్పుడు ఇంకో పది నిమిషాలు ఏడవాలి. తలుపు వేసి వెళ్ళు. తర్వాత ఆ రెండో పేజీ గురించి నువ్వు అప్పుడు చెప్పకుండా మింగేసిందేంటో చెప్దువుగాని."

ఏప్రిల్ 21

నేను ఇటొచ్చాక పిల్లలకి అంకె చెప్పే పని కొత్తమ్మాయికే ఇచ్చారు. ఈరోజు ఆమె రికార్డు రూములోకి వచ్చింది, తలుపు దగ్గరగా వేసి. కింద బెంచీ మీద ఈవెనింగ్ కాలేజీ అమ్మాయి ఒకతె ఉందట, బేకరీలో పని చేస్తుందట, వచ్చే ఏడాదికి పంపాలనుకుంటోందట. "సున్నా చూపిస్తోంది సార్. నేను మూడు చెప్పాలా?" అంది.

ఒకళ్ళు పంపారు, రాలేదు, అంతకుమించి మాకేం తెలీదని చెప్పమన్నాను. మా పిల్ల ఫోను నంబరు కాగితం మీద రాసిచ్చాను. రాసిచ్చాక భయమేసింది. అడక్కుండా ఇచ్చాను. ఇంటికొచ్చి చెప్తే పిల్ల పుస్తకంలోంచి తలెత్తలేదు.

ఇందాక ఫోను మోగింది. అటువైపు ఎవరో తెలియదు గానీ, తెలిసింది. పిల్ల బాల్కనీలో నిలబడి మాట్లాడుతోంది. నేను ఇక్కడ కూర్చుని వింటున్నాను, తప్పే.

"లేదు, నాకు రాలేదు. అవును, రాలేదు. ఏడ్చాను కూడా, రెండు రోజులు. సరే గానీ, నీ ఎస్సే ఎంతవరకు వచ్చింది?"